రిక్షాల సదువు బంద్

పోయిన నెలలో సూరత్‌లో మా అమ్రోలి రిక్షా స్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారు. పైన తెలుగులో ‘శ్రద్ధాంజలి’ అని పెద్ద అక్షరాలు, దాని కింద ఒక ఫొటో, ఫొటో కింద పేరు. బ్యాంకు నుంచి వస్తూ వంతెన దిగగానే నా కంటబడింది. ముందు ముఖాన్ని గుర్తుపట్టాను. తరవాతే పేరు చదివాను. తొమ్మిదేళ్ళు నా కూతుర్ని బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చిన మనిషి పేరు నాకు తెలియడం అదే మొదటిసారి. పిల్లలందరికీ అతను మామ. నా ఫోనులో ‘రిక్షా స్కూల్’. ఆ పేరు ఇక్కడ రాయను. అతను బతికుండగా నాకు అవసరం లేకపోయిన పేరును ఇప్పుడు రాసి మర్యాద చూపించడం నాకే నచ్చదు.

పొట్టి మనిషి. జగిత్యాల వైపు నుంచి చిన్నతనంలోనే సూరత్ వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేశాడు. ఆ చప్పుడుకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఆ తరవాతే రిక్షా, అంటే ఆటో, కొనుక్కుని బడిపిల్లల్ని తిప్పడం మొదలుపెట్టాడు. ‘ఎడమ చెవి సేఠుకిచ్చిన. కుడిది పిల్లల కోసం దాసిపెట్టిన’ అనేవాడు నవ్వుతూ. అతనితో మాట్లాడాలంటే కుడివైపుకి రావాలి. ఈ సంగతి మా అపార్ట్‌మెంటు సొసైటీలో ఒకటో తరగతి పిల్లలక్కూడా తెలుసు. నేను మాత్రం ఎప్పుడూ హడావిడిగా ఎడమవైపు నిలబడి చెప్పేసి వెళ్ళిపోయేదాన్ని. అతను మెడ మొత్తం తిప్పి నా పెదాలకేసి చూసేవాడు. ఆ చూపు నాకు చిరాకుగా ఉండేది.

పొద్దున్నే ఆరున్నరకే గేటు దగ్గర రిక్షా ఆపి, ఒక్కో పిల్ల ముఖాన్నీ చూసి ఎక్కించుకునేవాడు. ఎవరైనా ఏడ్చి వచ్చారనిపిస్తే, ఇంట్లో తిట్లు తిన్నట్టుంటే, ‘ఇయ్యాల నువ్వు ముంగట’ అని తన సీటు మీదే కుడిపక్కకి జరిపి కూర్చోబెట్టుకునేవాడు. ఎందుకని అడిగేవాడు కాడు. దారిలో వాళ్ళే ఏదో చెప్పేవారు, లేదా చెప్పేవారు కాదు. మిగతా పిల్లలు ఆ చోటు కోసం ఎన్నడూ పోట్లాడలేదట. అది ఎవరికి దక్కాలో వాళ్ళకు తెలుసని హారిక ఒకసారి నాతో అంది. హారిక మా అమ్మాయి. ఒక్కతే.

ఖాకీ చొక్కా జేబులో గుండీలు, పిన్నీసులు, పెన్సిలు ముక్క, తెల్ల రిబ్బను చుట్ట ఉండేవి. బూటు లేసు ఊడితే రిక్షా పక్కకి ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని, తెగిన నూలుపోగుకి నేతగాళ్ళు వేసే ముడి వేసేవాడు. అది సాయంత్రం దాకా ఊడేది కాదు. బ్యాగులు ఒక్కొక్కటీ ఎత్తి రిక్షా వెనక పెడుతూ, ‘ఇది బ్యాగు గాదు బిడ్డా, బీమ్’ అనేవాడు. బీమ్ అంటే మగ్గానికి నూలు చుట్టి ఎక్కించే ఇనుప దూలం. ఇద్దరు మోస్తారు దాన్ని.

అతనికి ఒకే ఒక్క నియమం. రిక్షాలో పుస్తకం తీయకూడదు. ఎక్కాలు అప్పజెప్పకూడదు. మర్నాడు పరీక్ష అయినా సరే. ‘రిక్షాల సదువు బంద్’ అని పిల్లల చేతే అరిపించి బండి కదిలించేవాడు.

నాకూ అతనికీ మొదటి తగాదా దీని దగ్గరే వచ్చింది. హారిక అప్పుడు నాలుగో తరగతి. పోను ఇరవై అయిదు నిమిషాలు, రాను ఇరవై అయిదు. రోజుకి యాభై నిమిషాలు వృథా అని నేను లెక్కగట్టాను. ఇంగ్లీషు మాటలూ అర్థాలూ రికార్డు చేసిన చిన్న స్పీకరు ఒకటి కొని, రిక్షాలో పెట్టమని అతని చేతికిచ్చాను.

‘వద్దు మేడమ్’ అన్నాడు.

‘మీరేం చెయ్యక్కర్లేదండీ. బటన్ నొక్కితే చాలు. అందరు పిల్లలకీ మంచిదే కదా.’

‘బీమ్ మార్చేటప్పుడు మగ్గం గూడ బంద్ జేస్తరు మేడమ్. చెయ్యకుంటే పోగులన్ని తెగుతయ్. గీ పిల్లలను ఇంట్ల బంద్ జెయ్యరు, స్కూల్ల బంద్ జెయ్యరు. జర గీ వంతెన దాటేదాంక నన్న బంద్ జెయ్యనియ్యుండ్రి.’

ఆ స్పీకరు ఇంటికి తెచ్చి, హారిక అన్నం తినేటప్పుడు పెట్టడం మొదలుపెట్టాను.

మరో అలవాటు. పిల్లల మార్కుల గురించి అతన్ని ఏమడిగినా చెప్పేవాడు కాడు. రిక్షాలో పిల్లలు అన్నీ మాట్లాడుకుంటారు కదా, ఎవరికెంత వచ్చిందో ఇతనికి తెలియకుండా ఉండదని మా తల్లులందరికీ ఆశ. ‘నా శెవి సగమే పనిజేస్తది మేడమ్. మార్కులు అటుదిక్కు శెవిల పడ్తయ్’ అని ఎడమ చెవి చూపించేవాడు. గడుసువాడని నవ్వుకునేవాళ్ళం. కానీ అడగకుండానే కొన్ని చెప్పేవాడు. ఫలానావాడికి బోర్డు సరిగ్గా కనబడటం లేదనీ, ఫలానా పాప మధ్యాహ్నం దాకా బాత్రూముకి పోకుండా ఆపుకుంటోందనీ. అలాంటివి వినడానికి మాకు తీరిక ఉండేది కాదు.

ఎనిమిదో తరగతిలో హారికను కోచింగులో చేర్చాను. ఇంజినీరింగు ప్రవేశపరీక్షకి పునాది అన్నారు. మా వారు రైల్వేలో ఇంజినీరు. వల్సాడ్‌లో ఉద్యోగం, ఆదివారాలు వచ్చేవారు. ‘నీ ఇష్టం, నువ్వే చూసుకోవాలి’ అన్నారు. నా ఇష్టమే చేశాను. ఏడు నుంచి ఒంటిగంట దాకా బడి. మూడింటి నుంచి ఏడింటి దాకా వరాఛాలో కోచింగు. మధ్యాహ్నం కూడా మామే ఇంటి నుంచి తీసుకెళ్ళేవాడు. ఆ కోచింగు ఒక షాపింగు కాంప్లెక్సు నాలుగో అంతస్తులో. వజ్రాలు సానబట్టే కార్ఖానాల మధ్య నేను పనిచేసే బ్యాంకుకి సరిగ్గా రెండు వీధుల అవతల. దగ్గరగా ఉంటాను కదా అని అదే ఎంచుకున్నాను.

అక్కడ వారం వారం పరీక్ష. వారం వారం గాజు తలుపు మీద ర్యాంకులు అంటించేవారు. మెడలో వేసుకునే కార్డుకి పట్టీలు మూడు రంగులు. పైబ్యాచికి ఎరుపు, మధ్య బ్యాచికి నీలం, ఆఖరి బ్యాచికి బూడిద రంగు. హారిక మెడలో ఎర్ర పట్టీ చూసినప్పుడల్లా నా నడక మారిపోయేది. లిఫ్టులో ఎవరైనా ఎక్కితే పిల్లను కాస్త ముందుకు నిలబెట్టేదాన్ని.

తొమ్మిదో తరగతి మొదట్లో ఒకరోజు అతను నన్ను ఆపాడు.

‘మేడమ్, పిల్ల తింటలేదు. డబ్బ తెచ్చి నాకిస్తున్నది, తినుమని.’

‘మీరెందుకు తింటున్నారు?’ అన్నాను.

అతని ముఖం చిన్నబోయింది. ‘నేను తింటలేను మేడమ్. గది జెప్పుతలేను నేను’ అన్నాడు.

మరో నెల తరవాత హారిక ఎడమ కనుబొమ్మ పలచబడటం నేనూ చూశాను. సగానికి సగం లేదు. బ్యూటీ పార్లరుకి పోయి చేయించుకొచ్చిందనుకున్నాను. ఈ వయసులో ఈ సోకులేమిటని తిట్టాను. అది తల దించుకుని విన్నది. కాదని అనలేదు. ఆ వారమే అతను గేటు దగ్గర ఒక కాగితం పొట్లం నా చేతికిచ్చాడు. విప్పితే పొట్టి పొట్టి వెంట్రుకలు.

‘సీటు మీద ఏరిన మేడమ్. రిక్షాల కూసుంటది, గిట్ల పీక్కుంటది. నొస్తలేదా బిడ్డా అంటే, తెలుస్తలేదు మామా అంటున్నది. ఒక్కసారి డాక్టరుకు సూపియ్యుండ్రి.’

‘ఛీ! ఇవన్నీ ఏరి దాచారా? పారేయండి ముందు’ అన్నాను. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని నా భయం.

అతను పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. కదల్లేదు.

‘నాకొక కొడుకున్నడు మేడమ్. లెక్కలు వస్తలేవని బెల్టు తీసి కొట్టేటోన్ని. నేను మగ్గం మీద సచ్చిన, వీడన్న కుర్సీల కూసోవాలె అని. పదోది ఫేలైండు, మల్ల కొట్టిన. గా దినం పోయిండు. పల్సానాల రంగుల మిల్లుల జేస్తున్నడు. గంట దూరం. పదేండ్లాయె, నా గుమ్మం తొక్కలే. మీరు బెల్టు పడ్తలేరు, నాకెరుకే. గానీ పిల్లకు దెబ్బ తగులుతున్నది.’

ఒక రిక్షా నడిపేవాడు నన్ను తన కొడుకుని కొట్టిన తనతో కలిపి చూస్తున్నాడే అని ఒళ్ళు మండింది. ‘మీ పని బండి నడపడం. అది సరిగ్గా చూసుకోండి’ అన్నాను. ఎడమవైపే నిలబడి అన్నాను. అతను నా పెదాలు చూశాడు. విన్నాడు.

తరవాతి వారం, గురువారం. బ్యాంకులో ఇన్‌స్పెక్షను. మూడుంపావుకి అతని ఫోను వచ్చింది. రేపు రానని చెప్పడానికి అయుంటుందనుకుని ఆపేశాను. మళ్ళీ చేశాడు. ఫోను బోర్లా తిప్పి పెట్టాను. కాసేపటికి మా గార్డు వచ్చి, ‘మేడమ్, రిక్షావాలా ఆయా హై, బచ్చీ కే లియే బాత్ కర్నా హై’ అన్నాడు. పిల్ల గురించి మాట్లాడాలట. ఎదురుగా ఇన్‌స్పెక్టరు ఫైలు తిప్పుతున్నాడు. మళ్ళీ ఏ పొట్లమో పట్టుకొచ్చాడనుకున్నాను. ‘సాయంత్రం మాట్లాడతానని చెప్పు’ అన్నాను. తల కూడా ఎత్తలేదు.

బయట రిక్షాలో నా కూతురు కూర్చుని ఉంది. ఆ మాట నాకు తరవాత తెలిసింది. ఆ వారం ర్యాంకుల్లో అది ఆఖరి బ్యాచికి పడిపోయింది. ఎర్ర పట్టీ ఇచ్చేసి బూడిద రంగుది తీసుకోవాలి. కాంప్లెక్సు ముందు రిక్షా ఆగితే దిగలేదట. ‘మామా, నన్ను పైకి పంపకు. పైన కారిడార్‌లో కిటికీ తెరిచే ఉంటది. నేను రోజూ దాన్నే చూస్తున్నా’ అన్నదట. అతను ఇంకో మాట అడగలేదు. బండి తిప్పి తిన్నగా మా బ్యాంకుకి తెచ్చాడు. నా జవాబు విని కూడా ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాడట. మా ఇంట్లో ఎవరూ లేరు. పిల్లను ఒంటరిగా వదలకూడదని మాత్రం అతనికి తెలుసు. తన ఇంటికి తీసుకెళ్ళి భార్యకి అప్పజెప్పాడు. ఆమె చీరల అంచుల దగ్గర వేలాడే దారాలు కత్తిరించే పని ఇంట్లోనే చేసేది. హారికకు పప్పూ అన్నం పెట్టింది. అది తిని, చీరల మూటల పక్కన నిద్రపోయింది.

నాలుగున్నరకి నా ఫోనుకి కోచింగు నుంచి మెసేజి. మీ అమ్మాయి ఈ రోజు హాజరు కాలేదు. అతనికి చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఫోను రిక్షాలో వదిలి మేడ మీద తన గదిలో ఉన్నాడని అప్పుడు నాకేం తెలుసు? తల్లిదండ్రుల గ్రూపులో రాశాను: ‘హారిక క్లాసుకి రాలేదు. రిక్షా మామ ఫోను ఎత్తడం లేదు. ఎవరైనా చూశారా?’ అంతే రాశాను. గంట ముందు అతను నా బ్యాంకు గుమ్మం దాకా వచ్చాడని రాయలేదు. ఆ ముక్క ఒక్కటి రాసి ఉంటే తరవాత జరిగిందేదీ జరిగేది కాదు.

నేను ఇల్లు చేరేసరికి గేటు దగ్గర ఇరవై మంది ఉన్నారు. ‘రిక్షావాడు పిల్లను ఎత్తుకుపోయాడు’ అన్నది అప్పటికే నిజమైపోయింది. ఆరింటికి అతనే తీసుకొచ్చాడు. ఎప్పటిలా గేటు ముందు ఆపి, ముందు బ్యాగు దింపాడు. కాలరు పట్టుకుని కిందికి లాగారు. ఎక్కడికి తీసుకెళ్ళావంటే, ‘మా ఇంటికి’ అన్నాడు. ఆ మాటతో జనం ఊగిపోయారు.

హారిక దూకి మధ్యలోకి వచ్చింది. ‘మైనే బోలా థా అంకల్! మైనే! నేనే చెప్పా! మామ ఏం చెయ్యలే!’ అని అరిచింది. ఎవరో ఆడవాళ్ళు దాన్ని పక్కకి లాగేశారు.

సొసైటీ చైర్మన్ నా వైపు తిరిగి, ‘బెహన్, ఆప్‌కో పూఛ్‌కే లే గయా థా?’ అన్నాడు. మిమ్మల్ని అడిగి తీసుకెళ్ళాడా?

అందరూ నన్ను చూస్తున్నారు. అడగడానికి వచ్చాడు, నేనే వినలేదు అని చెప్పాలి. చెబితే, పిల్ల గుమ్మంలో ఉంటే లేచి రాని తల్లి ఏం తల్లి అంటారు. ఎందుకు వచ్చాడని అడుగుతారు. ఆఖరి బ్యాచి సంగతి, కనుబొమ్మ సంగతి, అన్నీ ఆ గేటు దగ్గరే బయటపడతాయి.

‘నహీ’ అన్నాను.

అతను నన్ను చూశాడు. రెండుసార్లు ఫోను చేసిన గుర్తు అతని జేబులోనే ఉంది. తీసి చూపించవచ్చు. బ్యాంకు గార్డును అడగమని చెప్పవచ్చు. నోరు విప్పలేదు. ఎవరో చెయ్యెత్తి కొట్టారు. ఆ దెబ్బ కుడి చెవి మీద పడింది.

మర్నాటి నుంచి మా సొసైటీలోకి అతన్ని రానివ్వలేదు. వారంలో మిగతా సొసైటీలూ మానేశాయి. హారిక ఆ రాత్రే నాకు అంతా చెప్పింది, కిటికీతో సహా. విన్నాను. మూడు రోజులు సెలవు పెట్టించాను. డాక్టరుకి చూపించాను. నాలుగో రోజు వ్యాన్ మాట్లాడి మళ్ళీ అదే కోచింగుకి పంపాను. కిటికీకి గ్రిల్ పెట్టించమని వాళ్ళకు చెప్పానని గొప్పగా దానికి చెప్పాను. అతను ఎక్కడున్నాడని అది రెండుసార్లు అడిగింది. తెలియదన్నాను. మూడోసారి అడగలేదు. ఇంటర్ అవగానే ఇంజినీరింగు వద్దని, అహ్మదాబాద్‌లో డిగ్రీ చేరి హాస్టలుకి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే ‘బాగున్నా’ అంటుంది. ఇంకేమీ అనదు.

ఫ్లెక్సీ చూశాక వచ్చిన ఆదివారం నేను అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. స్టాండులో అడిగితే చెప్పారు. మగ్గాల కార్ఖానాల వెనక గల్లీ, మేడ మీద ఒకటే గది. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. ఏదైనా ఒక మాట చెప్పి, తేలికపడి రావాలని ఉండి ఉంటుంది.

తలుపు తీసే ఉంది. లోపల చీరల మూటల మధ్య ఇద్దరు కూర్చుని దారాలు కత్తిరిస్తున్నారు. ఒకామె అతని భార్య. రెండోది హారిక.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అది ఊళ్ళోకి వచ్చినట్టు నాకు తెలియదు. కత్తెర ఆపి నన్ను చూసి, ‘మా అమ్మ’ అని ఆమెతో చెప్పింది. నాతో, ‘కూర్చో’ అంది. ఇంటికి వచ్చిన పరాయి మనిషితో అన్నట్టు.

‘ఎప్పుడొచ్చావే?’ అన్నాను.

‘పొద్దున. సాయంత్రం బండికి వెళ్ళిపోతా.’

‘ఇంటికి రావా?’

అది లేచి స్టవ్ వెలిగించి చాయ్ పెట్టింది. ఏ డబ్బాలో ఏముందో దానికి తెలుసు. సెలవులకి వచ్చినప్పుడల్లా స్నేహితురాలి ఇంటికని చెప్పి ఎక్కడికి వెళ్ళేదో నాకు అప్పుడర్థమైంది.

అతని సంగతులు భార్యే చెప్పింది, కత్తెర ఆపకుండా. ఆ దెబ్బతో కుడి చెవి కూడా పోయింది. వెనక నుంచి హారన్ వినబడనివాడు రిక్షా ఏం నడుపుతాడు? అమ్మేశాడు. మళ్ళీ మగ్గాల మీదికే పోయాడు. ‘శెవుల్లేనోనికి గదే నయం, సప్పుడు తెల్వది అనేటోడు’ అంది. ఒక పొద్దున మగ్గం పక్కన కూలిపోతే, కార్ఖానాలో ఎవరూ వెంటనే చూడలేదు. కొడుకు పల్సానా నుంచి వచ్చాడు. తలకొరివి పెట్టి, ఆ పూటే వెళ్ళిపోయాడు.

హారిక ఇచ్చిన చాయ్ గ్లాసు అందుకుని ఆమెవైపు తిరిగాను. ‘ఆ రోజు ఆయన నా దగ్గరికి వచ్చారు. నేను... అందరి ముందూ...’

‘నాకెరుకే’ అందామె. ‘గా రోజే జెప్పిండు. మరి ఆయమ్మ ఎందుకు జెప్పలేదయ్యా అంటే, భయపడ్డదే, బిడ్డ పేరు నలుగుట్ల పడొద్దని సప్పుడు జెయ్యలే అన్నడు. మీ మీద ఒక్క మాట పడనియ్యలే. సచ్చేదాంక అనలే.’

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని చూసి ఆమె మొదటిసారి కత్తెర కింద పెట్టింది.

‘ఆయన మాఫ్ జేసిండమ్మా. నేను జెయ్యలే. చెయ్య గూడ చెయ్య. ఏడ్వకుండ్రి. చాయ్ తాగుండ్రి, సల్లారిపోతది.’

తాగాను. హారిక లేచి నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఒక్క మాటైనా అంటుందని దాని ముఖంలోకి చూశాను. కనుబొమ్మ నిండుగా పెరిగింది. గ్లాసు కడగడానికి తెర వెనక్కి వెళ్ళింది. కాసేపు నీళ్ళ చప్పుడు వినబడింది. తరవాత అదీ ఆగింది. ఆమె మళ్ళీ దారాలు కత్తిరిస్తోంది. నేను కూర్చునే ఉన్నాను. హారిక బయటికి రాలేదు.